తుపాకీకి తగిన పెట్టె

షాట్‌గన్ కొనేముందు చాలాకాలం ఆలోచించాను. హ్యూస్టన్ దగ్గర మా క్లబ్బులో తలపండిన వాళ్లను అడిగాను, నలుగురి తుపాకులు భుజానికి ఆనించి చూశాను, ఆఖరికి 30 అంగుళాల బ్యారెళ్లు ఒకదాని మీద ఒకటి ఉండే 12 గేజ్ ఓవర్-అండర్ తీసుకున్నాను. దాన్ని మోసుకెళ్లే పెట్టెను మాత్రం బిల్లు కట్టే చోట చూసి, చవగ్గా వస్తోందని కలిపి కొనేశాను. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడడమంటే ఇదే. ఆ బేరానికి నేను చెల్లించిన మూల్యం ఇంకెవరూ చెల్లించకూడదని ఇది రాస్తున్నాను.

తుపాకీ అనగానే ఊళ్లో మనవాళ్లు కంగారుపడతారు. ఇది వేట కాదు. యంత్రం విసిరిన 108 మిల్లీమీటర్ల మట్టి పళ్లేన్ని గాల్లో ఉండగానే పగలగొట్టే ఆట. ట్రాప్, స్కీట్ ఒలింపిక్ క్రీడలు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ ట్రాప్ జట్టులో స్వర్ణం, విడిగా కాంస్యం గెలిచాడు. ఇక్కడి తెలుగు కుర్రాళ్లకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు ఉండడం వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప. నేను గ్రీన్ కార్డు వచ్చాకే కొన్నాను.

పెట్టె సంగతికి వస్తాను. దాని మీద '30 అంగుళాల బ్యారెళ్ల వరకు' అని రాసి ఉంది. నావి 30 అంగుళాలే కదా అనుకున్నాను. కానీ బ్యారెళ్ల కొసకు మరతో బిగించే చోకుల్లో నేను వాడేవి బయటికి పొడుచుకొచ్చే రకం. అవి బిగిస్తే బ్యారెల్ మరో ముప్పావు అంగుళం పెరుగుతుంది. మూత పడదు. అందుకని ఇంటికి బయల్దేరే ప్రతిసారీ చోకులు విప్పి జేబులో వేసుకోవడం, మళ్లీ క్లబ్బుకు వెళ్లాక బిగించడం అలవాటు చేసుకున్నాను. ఇది చిన్న ఇబ్బందిలాగే కనిపిస్తుంది. ఒక రోజు మాటల్లో పడి కింది బ్యారెల్‌కు బిగించి, పై బ్యారెల్‌కు మరిచిపోయాను. అలాగే నిలబడి కాల్చే స్టేషన్ దాకా వెళ్లి తూటాలు తీశాను. వెనకున్న పెద్దాయన బ్యారెల్ కొసలు చూసి చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. చోక్ లేకుండా కాలిస్తే బ్యారెల్ లోపలి మరలు పాడవుతాయి. వేల డాలర్ల బ్యారెళ్లు, ఒక అంగుళం చోటు మిగలని పెట్టె వల్ల పోయేవి.

ఆ పెట్టె చేసిన రెండో నష్టం ఇంకా పెద్దది. లోపల గుడ్డు అట్టలాంటి మెత్తటి స్పాంజి. మెత్తగా ఉంటే తుపాకీకి మంచిదేనని నమ్మాను. ఒక ఆగస్టు మధ్యాహ్నం ఆడి, చెమట చేతులతోనే బ్యారెళ్లు విప్పి, అందులో పెట్టి మూత బిగించి అల్మరాలో ఉంచాను. పని ఒత్తిడిలో రెండు వారాలకు పైగా తెరవలేదు. తెరిచేసరికి బ్యారెళ్ల నల్లటి మెరుపు మీద వరసగా నాలుగు నారింజ మచ్చలు. వేలు పెట్టి చూస్తే నా నాలుగు వేళ్లూ వాటి మీద సరిగ్గా కూర్చున్నాయి. విప్పేటప్పుడు నేను పట్టుకున్న చోటే అది. చెమటలోని ఉప్పు, హ్యూస్టన్ గాలిలో తేమ, ఆ తేమను పీల్చి వదలని స్పాంజి, మూడూ కలిసి చేసిన పని. సన్నటి స్టీల్ ఉన్నితో, నూనెతో మెల్లగా రుద్దితే తుప్పు పోయింది కానీ, దాంతోపాటు అక్కడి పూతా పలచబడింది. వెలుగులో పట్టి చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది.

మూడోది విమానాశ్రయంలో జరిగింది. ఇల్లినాయ్‌లోని స్పార్టాలో ఏటా ఆగస్టులో గ్రాండ్ అమెరికన్ ట్రాప్ పోటీలు జరుగుతాయి. 2006కు ముందు అవి ఒహాయోలోని వాండేలియాలో జరిగేవి. ఒకసారి వాటికి వెళ్దామని సెయింట్ లూయిస్‌కు టికెట్ కొన్నాను. టీఎస్‌ఏ నియమాలు చదువుకునే వెళ్లాను. తుపాకీలో తూటా ఉండకూడదు, గట్టి పెట్టెలో తాళం వేసి ఉండాలి, చెకిన్ సామానులోనే వెళ్లాలి, కౌంటర్ దగ్గర చెప్పాలి, తాళం చెవి మన దగ్గరే ఉండాలి. అన్నీ పాటించాను. కౌంటర్‌లో ఉన్న ఆమె తాళాలను చూడలేదు. మూత మూలను రెండు వేళ్లతో పైకి లాగింది. ప్లాస్టిక్ వంగి, లోపల బ్యారెల్ కనిపించింది. తాళం వేసినా మూలలోంచి చెయ్యి దూరితే ఆ పెట్టె పనికిరాదని మర్యాదగానే చెప్పింది. ఆమె చెప్పింది న్యాయం. మా ఆవిడ ఇంకా పార్కింగ్‌లోనే ఉండడం వల్ల తుపాకీని ఇంటికి తిప్పి పంపగలిగాను. స్పార్టాలో ఎరువు తెచ్చుకున్న తుపాకీతో ఆడాను. కొలత కుదరని స్టాక్‌తో ఎలా ఆడతామో ఆడేవాళ్లకు తెలుసు.

అప్పుడు గానీ కూర్చుని ఆలోచించలేదు. ఇప్పుడు తుపాకీ మోసుకెళ్లడానికి నా దగ్గర రెండున్నాయి. క్లబ్బుకు వెళ్లడానికి జిప్పు పూర్తిగా తెరుచుకుని చాపలా పరుచుకునే గుడ్డ సంచీ. తడిస్తే ఎండలో ఆరేయొచ్చు. దూర ప్రయాణాలకు అల్యూమినియం చట్రం ఉన్న, తుపాకీని విప్పి పెట్టే రకం. బ్యారెళ్లు, ఫోరెండ్, స్టాక్ ఒకదానికొకటి తగలకుండా గుడ్డ తొడిగిన అడ్డుగోడలు ఉన్నాయి, చోకులతో సహా బ్యారెళ్లు పట్టి ఇంకో అంగుళం మిగులుతుంది. నిండు తుపాకీ పట్టే పొడవాటి పెట్టెలు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి చాలా విమాన సంస్థలు పెట్టే 62 అంగుళాల హద్దు దాటిపోతాయి. ఇది దాటదు. అన్నిటికంటే నాకు నచ్చేది, మూత తెరవగానే తుపాకీ మూడు ముక్కలుగా, ఖాళీగా ఎదురుగా కనిపించడం. చూసేవాడికి అనుమానం ఉండదు. తూటాలను విమానంలో తీసుకెళ్లడం నేను మానేశాను. 11 పౌండ్ల హద్దుకు 25 తూటాల పెట్టెలు నాలుగు మించి పట్టవు. అక్కడే కొనుక్కోవడం మేలు.

కారు విషయం చెప్పకపోతే తప్పవుతుంది. మనలో చాలామందివి మినీవ్యాన్లు, ఎస్‌యూవీలు. వాటికి వేరే ట్రంక్ ఉండదు. రాష్ట్రాలు దాటేటప్పుడు 1986 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చే రక్షణ కావాలంటే, అలాంటి బండిలో ఖాళీ తుపాకీ, తూటాలు తాళం వేసిన పెట్టెలో ఉండాలి. గ్లవ్ బాక్స్, సీట్ల మధ్య కన్సోల్ లెక్కలోకి రావు. కాబట్టి గుడ్డ సంచీ కొన్నా, దాని జిప్పులకు తాళం పడుతుందో లేదో చూసుకోండి.

ఇక ఇంట్లో మాట. నేను తుపాకీని పెట్టెలో ఉంచి అల్మరాలో పెట్టిన ఆ రెండు వారాలు మా పిల్లలు ఆ గదిలోనే ఆడుకున్నారు. తుప్పు సంగతి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అది. పెట్టె ప్రయాణానికే. ఇంటికి రాగానే తుపాకీ తుడిచి, నూనె పూసి, ఉక్కు బీరువాలో పెట్టాలి. తూటాలు వేరే చోట తాళంలో ఉండాలి. బీరువా కొనడం వెంటనే కుదరకపోతే మీ ఊరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లి అడగండి. ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కింద చాలాచోట్ల కేబుల్ తాళాలు ఉచితంగా ఇస్తారు.