ఎడమ చెవిలో కీచురాయి

నా సినిమాకి ఇక మిక్సింగ్ ఒక్కటే మిగిలిందనుకున్న వారంలో నా ఎడమ చెవి పోయింది. పొద్దున లేచేసరికి ఆ పక్కన సన్నటి కూత తప్ప ఏమీ లేదు.

మొదట చూపించుకున్న చోట గులిమి అన్నారు, చుక్కలు రాసిచ్చారు. ఉన్నట్టుండి లోపలి చెవి దెబ్బతింటే మొదటి రెండు వారాల్లోనే స్టెరాయిడ్ పడాలట. ఆ రోజులు కాస్తా చుక్కలకే పోయాయి. రెండో డాక్టరు ఆడియోగ్రామ్ తీయించారు. మూసిన గదిలో కూర్చుని, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. నొక్కుతూనే ఉన్నాను. బయటి అమ్మాయి తల అడ్డంగా ఊపింది: "ఇంకా పెట్టలేదు సార్." కాగితం మీద కుడి చెవి ఎర్ర సున్నాలు పైన వరసగా ఉన్నాయి. ఎడమ చెవి నీలం ఇంటూ గుర్తులు అడుక్కి జారిపోయాయి.

మాత్రలు వేసుకున్నాను, చెవిపొరలోంచి ఇంజెక్షన్లు చేయించుకున్నాను. నిద్ర పోయింది, షుగర్ లేచింది. వినికిడి కొంత తిరిగొచ్చింది. కూత పోలేదు.

నా సినిమాలో ఆర్.ఆర్., అంటే నేపథ్య సంగీతం, లేదు. నిర్మాతతో గొడవపడి సాధించుకున్నది అదే. 1987 నాటి 'పుష్పక విమానం'లో మాటల్లేకపోయినా సంగీతం ఉంది కదండీ అని ఆయన, అది వేరు అని నేను. ట్రాకు ఖాళీగా వదిలేస్తే నిశ్శబ్దం రాదు. సౌండ్ పోయిందని హాల్లో ఈలలేస్తారు. అందుకే ప్రతి లొకేషన్లో అందర్నీ కదలకుండా నిలబెట్టి రూమ్ టోన్ పట్టుకుంటాం. ఫ్యాను ఆపిన వంటింటికీ కిటికీ తెరిచిన వంటింటికీ తేడా ఉంటుంది. ఆ తేడా మీదే నా సినిమా నిలబడింది. ఇప్పుడు ఏ వంటింట్లో విన్నా అదే కీచురాయి.

రాత్రులు మరీ కష్టం. ఇల్లు సద్దుమణిగేకొద్దీ కూత పెరిగేది. చిన్నగా ఏదైనా పెట్టుకోమన్నారు డాక్టరు. సంగీతానికి ముఖం చాటేసి బతికినవాణ్ని, ఈమని శంకరశాస్త్రి వీణ దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను.

ఒక రాత్రి 'పథేర్ పాంచాలి' పెట్టాను. కూతురు పోయిందని తెలియని హరిహర్ ఆ పిల్లకి తెచ్చిన చీర తీస్తాడు, భార్య సర్వజయ బావురుమంటుంది. ఆమె ఏడుపు వినిపించదు, ఆ చోట తార్‌షెహనాయ్ పలుకుతుంది. సత్యజిత్ రేతో అక్కడ నాకు ఎప్పుడూ పేచీయే, ఆ తల్లి గొంతు ఎందుకు లాక్కున్నావయ్యా అని. ఆ వాయిద్యం పలికినంతసేపూ నా చెవిలో కూత లేదు. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. పేచీ మాత్రం తీరలేదు. ఆ ఏడుపు వినాలనే ఉంటుంది నాకు.

మిక్సింగ్‌కి కుడి చెవి స్పీకర్ల వైపు తిప్పి కూర్చున్నాను. లెవెల్స్ తేల్చింది మాత్రం సౌండ్ ఇంజనీరే. "సరిపోయిందా తమ్ముడూ?" అంటే "సరిపోయిందన్నా" అనేవాడు. ఒక్కచోట ఆగాడు. "కొంచెం ఎక్కువైందన్నా, పక్క గదిలో ఎవరో ఉన్నట్టుంది." ఆ షాట్‌లో ఇంట్లో ఇంకెవరూ ఉండకూడదు. తగ్గించమన్నాను. నిర్మాత మళ్లీ సంగీతం మాటెత్తారు. వద్దనే చెప్పాను.