ఉక్కపోతలో ఒరుపు

ఢిల్లీ ఎండలంటే అందరూ మే నెల గురించే మాట్లాడతారు. 2024 మే 29న ముంగేశ్‌పూర్‌లో 52.9 డిగ్రీలు నమోదైందనగానే దేశమంతా ఉలిక్కిపడింది. తర్వాత యంత్రమే 3 డిగ్రీలు ఎక్కువ చూపించిందని వాతావరణ శాఖ తేల్చింది. నా మట్టుకు నాకు మే కంటే జులై అంటేనే భయం. మేలో లూ అనే వడగాలి వీస్తుంది, ఒళ్లు మాడుతుంది, కానీ పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. జూన్ చివర్లో రుతుపవనాలు వచ్చాక ఎండ 35 డిగ్రీలకు దిగుతుంది గానీ, గాలి తడిబట్టలా ఒంటికి చుట్టుకుంటుంది. తొడలు ఒరుసుకుపోయేదీ, చంకలు కమిలేదీ, నడుము దగ్గర లంగా బొందు కోసుకునేదీ అప్పుడే.

చెమట ఆరకపోతే పైచర్మం నాని మెత్తబడుతుంది. నానిన చర్మం జారదు, పట్టేస్తుంది. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా తొడా తొడా, లేదంటే తొడా ప్యాంటు కుట్టూ రాసుకుంటాయి. కాసేపు ఫ్యాను కింద నిలబడి చెమట ఆరిందనుకుంటే, మిగిలిన ఉప్పు గరుకు దానికి తోడవుతుంది. మధ్యాహ్నానికి ఎర్రబడిన చోటు సాయంత్రానికి పచ్చిపుండవుతుంది. రాత్రి స్నానంలో మొదటి చెంబు నీళ్లు పడ్డప్పుడు గానీ ఎంతమేర చర్మం లేచిపోయిందో తెలియదు. లావుగా ఉన్నవాళ్లకే ఈ బాధ అనుకుంటారు, అది నిజం కాదు. సన్నగా ఉండి పరుగులు తీసేవాళ్లకూ వస్తుంది, పొద్దస్తమానం బండి సీటు మీద ఉండే డెలివరీ కుర్రాళ్లకూ వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు మానడం ఆలస్యం, ఫంగస్ పట్టడం తొందర.

పోయిన వానాకాలం ఆంధ్రా భవన్‌లో భోజనం చేద్దామని నోయిడా నుంచి మా వదినను తీసుకుని బయల్దేరాను. రాజీవ్ చౌక్‌లో రైలు మారేటప్పుడు ఆవిడ వెనకబడిపోయింది. కాళ్లు ఎడంగా వేస్తూ, కుచ్చిళ్లు ఒక చేత్తో ముందుకు పట్టుకుని నడుస్తోంది.

"ఏమైంది వదినా, చెప్పు కరిచిందా?"

"చెప్పు కాదులే, పద."

ఇంకో నాలుగడుగులు వేసి ఆగిపోయింది. అటూ ఇటూ చూసి, "ఒరుసుకుపోయిందే. ఇంక నావల్ల కాదు" అంది. ఆ జనంలో తెలుగు తెలిసినవాళ్లు ఎవరుంటారు? అయినా గొంతు తగ్గించే చెప్పింది. నా సంచిలో ఉన్న వాజలిన్ డబ్బా ఇచ్చి స్టేషన్‌లో బాత్‌రూమ్‌కి పంపాను. తిరిగొచ్చాక, పెళ్లయినప్పటి నుంచీ ప్రతి వానాకాలం ఇంతేననీ, అన్నయ్యకు కూడా ఎప్పుడూ చెప్పలేదనీ అంది. చీర కింద తొడకూ తొడకూ మధ్య అడ్డం ఏమీ ఉండదు కదా. మోకాళ్ల దాకా వచ్చే పలచని నిక్కరు ఒకటి వేసుకుంటే సగం బాధ పోతుంది. ఆ మాట ఆవిడకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు.

ఆడవాళ్లకు తొడలతోనే అయిపోదు. నెలసరి రోజుల్లో ప్యాడ్ అంచు, రొమ్ముల కింద చెమట, నడుం చుట్టూ బొందు కట్టిన చోట నల్లగా పడిపోయే గీత. ఆ గీత మన అమ్మలందరికీ ఉంది కాబట్టి అది మామూలే అనుకున్నాం. ఏళ్ల తరబడి అదే చోట ఒరిసి, మానని పుండై, చివరికి క్యాన్సర్‌కు దారితీసిన అరుదైన కేసులను మన దేశపు డాక్టర్లే రాసిపెట్టారు. బొందు వదులుగా కట్టుకోవాలి, లేదా వెడల్పాటి పట్టీ కుట్టించుకోవాలి. మానని పుండుంటే డాక్టరుకు చూపించాలి.

ఇదే ఊళ్లో ఈ బాధకు సిగ్గుపడని మనుషులనూ చూశాను. శ్రావణంలో కావడి యాత్రికులు హరిద్వార్‌లో గంగ నింపుకుని ముజఫర్‌నగర్, మేరఠ్, మోదీనగర్, గాజియాబాద్ మీదుగా 200 కిలోమీటర్ల పైచిలుకు నడిచి ఢిల్లీ వస్తారు. (వాళ్ల శ్రావణం మనకంటే ఒక పక్షం ముందే మొదలవుతుంది.) దారి పొడవునా వేసిన శిబిరాల్లో అరికాళ్ల బొబ్బలకు మందు రాస్తారు. కుర్రాళ్లు నిక్కరు అంచు పైకి మడిచి తొడ ఒరుపుకు కూడా అక్కడే రాసుకుంటారు. "ఛిల్ గయా" (ఒరుసుకుపోయింది) అని పైకే అంటారు, పక్కవాడు ట్యూబు అందిస్తాడు. శివుడి కోసం నడిచినప్పుడు చెప్పుకోగలిగిన నొప్పిని పొట్టకూటి కోసం నడిచినప్పుడు ఎందుకు దాచుకోవాలి?

దాచుకోవడం వల్ల వచ్చే నష్టం మందుల షాపులో మొదలవుతుంది. వెనక నిలబడ్డవాళ్లు వినకుండా "దురద" అని ఒక్క మాట అంటాం. షాపతను స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిసిన ట్యూబు చేతిలో పెడతాడు. రెండ్రోజుల్లో ఎరుపు తగ్గుతుంది. ఆపగానే తామర రెట్టింపై వస్తుంది, మళ్లీ రాస్తాం, చర్మం పలచబడి చారలు పడతాయి. దేశంలో మొండి తామర ఇంతగా పెరగడానికి ఈ ట్యూబులూ ఒక కారణమని చర్మవైద్యులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడిగే షాపు మా వీధిలో నాకింకా కనిపించలేదు.

ఉత్త ఒరుపుకు అంత మందు అక్కర్లేదు. మామూలు నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తటి బట్టతో అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీము గానీ వాజలిన్ గానీ పట్టించి ఒకట్రెండు రోజులు గాలి తగలనిస్తే చాలా వరకు మానుతుంది. బయటికి వెళ్లేముందే రాసుకుంటే చాలా వరకు రాదు. లేచిపోయిన చర్మం మీద పౌడరు చల్లకూడదు, చెమటకు ఉండకట్టి అదే ఇంకా గీరుతుంది. నూలుబట్ట మంచిదే గానీ తడిస్తే ఆ తడి వదలదు, దూరం నడిచేవాళ్లు మార్చుకోవడానికి ఇంకొకటి వెంట ఉంచుకోవాలి. అంచు గుండ్రంగా పాకుతూ దురద పెట్టినా, చుట్టూ చిన్న చిన్న ఎర్రపొక్కులు లేచినా అది ఫంగస్ కావచ్చు, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

మా అపార్టుమెంటు గేటు దగ్గర గార్డులకు పన్నెండు గంటల డ్యూటీ, ఒకటే జత పాలిస్టరు యూనిఫాం. రాత్రి రౌండ్లలో ఒకతను కాళ్లు ఎడంగా వేసి నడవడం చూసి అడిగితే, "గర్మీ హై, మేడం" (వేడిగా ఉంది) అని తల దించుకున్నాడు. ఈసారి కమిటీకి ఉత్తరం రాసిచ్చాను: గార్డులకు నూలు కలిసిన బట్టతో రెండో జత, వాళ్ల గది పక్కన కుళాయి, లోపలి నుంచి గడియ పడే స్నానాల గది. రెండో జతకు వెంటనే ఒప్పుకున్నారు. గడియ దేనికని మీటింగులో ఒకాయన అడిగారు. ఒరిసిన చోటు కడుక్కోవాలంటే ప్యాంటు విప్పాలండీ అని, అంతమంది మధ్యా, చెప్పాను.