రెండో వారం డబ్బు

నేను కొన్న సినిమా పేరు ఇక్కడ రాయను. దాని మొదటి భాగం పేరూ రాయను. తీసినవాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. లెక్క తప్పు కట్టింది నేను. ఆ తప్పు లెక్కని ఒక పెద్దమనిషి చేత నమ్మించిందీ నేనే. ఈ రెండో మాట రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

మొదటి భాగం వచ్చినప్పుడు నేను విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రెప్రజెంటేటివ్‌ని, మా వాడుకలో రెప్పుని. ఆఫీసు ఏ ఊరికి పొమ్మంటే ఆ ఊరికి ప్రింటు పెట్టెలతో వెళ్లాలి. బుకింగ్ గదిలో కూర్చుని ఆటకు ముందు టికెట్ పుస్తకాల మొదటి నంబరు, ఆట మొదలయ్యాక ఆఖరి నంబరు రాసుకోవాలి. సెకండ్ షో తర్వాత డీసీఆర్ తయారుచేసి మేనేజరు సంతకం తీసుకోవాలి. ఏ ఆటకి ఏ తరగతిలో ఎన్ని టికెట్లు తెగాయో, ఎంత వచ్చిందో చెప్పే కాగితం అది. మా బతుకంతా ఆ కాగితం మీదే నడిచేది.

నన్ను దివిసీమ వైపు ఒక ఊరికి పంపారు. ఒకే తెర, బెంచీ, కుర్చీ, బాల్కనీ. ఓనర్‌ని ఊరంతా పెద్దాయన అనేది. నేను బాబాయ్ అనేవాణ్ని. మొదటి శుక్రవారం హాలు సగమే నిండింది. ఆదివారం కాస్త నయం. సోమవారం మళ్లీ పలచబడింది. పెట్టె తీసుకుని వెనక్కి వెళ్లిపోవాలేమో అనుకుంటూ ఉండగా రెండో వారం మంగళవారం మ్యాట్నీకి ఆడవాళ్లు వచ్చారు. ఒక ట్రాక్టర్ ట్రక్కు నిండా వచ్చారు. మర్నాడు పక్క ఊరి నుంచి రెండు ట్రాక్టర్లు. ఆ సినిమాలో ఇంటర్వెల్ తర్వాత ఒక తండ్రి కొడుకుని క్షమించే సన్నివేశం ఉంది. అది వచ్చే వేళకి బుకింగ్ గుమాస్తా కౌంటర్ మూసి, టీ కొట్టువాడు స్టవ్ తగ్గించి, బాబాయ్ తన గదిలోంచి లేచి, ముగ్గురూ తలుపు దగ్గర తెర పక్కకి జరిపి నిలబడేవాళ్లు. రోజుకి నాలుగు సార్లు. నేనూ నిలబడేవాణ్ని. అక్కడ ఆ సినిమా 70 రోజులు ఆడింది.

పదేళ్లు దాటాక రెండో భాగం ప్రకటించారు. అప్పటికి నేను ఉద్యోగం వదిలి సొంతంగా చిన్నచిన్న సెంటర్లు తీసుకుని సినిమాలు ఆడిస్తున్నాను. తెలుగు సినిమా వ్యాపారం ఏరియాల మీద నడుస్తుందని చాలామందికి తెలుసు: నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. (సీడెడ్ అన్న మాట 1800లో నిజాం రాయలసీమని కంపెనీకి ధారాదత్తం చేసిన నాటిది. నిజాం పోయాడు, కంపెనీ పోయింది, సినిమా వాళ్ల నోట ఆ మాట ఉండిపోయింది.) కృష్ణా ఏరియాని ఒక డిస్ట్రిబ్యూటర్ ఎన్.ఆర్.ఎ. పద్ధతిలో కొన్నారు. సినిమా ఆడినా ఆడకపోయినా తిరిగిరాని అడ్వాన్సు అది. ఆయన దగ్గర నేను నాలుగు సెంటర్లు తీసుకున్నాను, అదే షరతు మీద, 22 లక్షలకి.

ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే నా తప్పంతా అందులోనే ఉంది. మొదటి భాగం డీసీఆర్‌ల కార్బన్ కాపీలు నా ట్రంకు పెట్టెలో ఉండేవి. అవి బయటికి తీసి నాలుగు సెంటర్ల మొత్తం వసూలు కూడుకున్నాను. టికెట్ ధర అప్పటికి రెండున్నర రెట్లయింది కాబట్టి రెండున్నరతో గుణించాను. పాత సినిమాకి వచ్చిన జనంలో సగం మంది వచ్చినా గట్టెక్కుతాను అనుకున్నాను. జనానికి ఆ పాత్రలంటే ప్రాణం కదా, సగం మంది రాకుండా ఎలా ఉంటారు?

ఆ కాపీల్లోనే ఇంకో లెక్క ఉంది. కళ్లెదురుగా ఉన్నా చూడలేదు. బాబాయ్ హాల్లో మొదటి భాగం తెచ్చిన మొత్తంలో మొదటి వారం వాటా ఆరో వంతు కూడా లేదు. మిగిలినదంతా రెండో వారం నుంచి వచ్చిన డబ్బు. అంటే ఒకరు చూసి ఇంకొకరికి చెబితే వచ్చిన డబ్బు, ట్రాక్టర్లెక్కి వచ్చిన డబ్బు, చూసినవాళ్లే అమ్మని తీసుకుని మళ్లీ వచ్చిన డబ్బు. రెండో భాగానికి పాత పేరు తెచ్చిపెట్టగలిగింది మొదటి మూడు రోజులు మాత్రమే. ఆ తర్వాత ఏ సినిమా బతుకు దానిదే. నేను 70 రోజుల ప్రేమకి ధర కట్టి మూడు రోజుల సరుకు కొన్నాను.

కథ నాకు తెలియదని చెప్పుకోవడానికి కూడా లేదు. తండ్రీకొడుకులు మళ్లీ విడిపోతారని, ఈసారి గొడవ ఆస్తి దగ్గర మొదలవుతుందని ఆఫీసులో విన్నాను. విన్న క్షణం లోపల ఏదో చివుక్కుమంది. తలుపు దగ్గర రోజుకి నాలుగు సార్లు నిలబడి చూసిన మనిషిని నేను. ఆ చివుక్కుమన్నదాన్ని వినాల్సింది. వినకుండా ఇంటికెళ్లి అంకెలు మళ్లీ కూడుకున్నాను. అంకెలు ధైర్యం చెప్పాయి.

ఆ ధైర్యంతోనే బాబాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన కాస్త వెనకాడారు.

“ఆ కథ అయిపోయింది కదరా అబ్బాయ్. మళ్లీ ఏం చెబుతారు?” అన్నారు.

“జనం అడుగుతున్నారు బాబాయ్. మన హాలుకి ఆ సినిమా కలిసొచ్చింది, ఇదీ కలిసొస్తుంది. నాది హామీ” అన్నాను.

ఆయన 4 లక్షలు అడ్వాన్సు ఇచ్చారు. తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాను.

విడుదల రోజు పొద్దున్న ఎనిమిదింటి ఆటకి హాలు కిటకిటలాడింది. ఫ్లెక్సీలు, టపాసులు, కాగితం ముక్కలు. ఇప్పుడు ప్రింటు పెట్టెలు లేవు. సినిమా హార్డ్ డిస్కులో వస్తుంది, తెరిచే కోడ్ వేరే వస్తుంది. కానీ నాకు పాత అలవాటు పోలేదు. తలుపు దగ్గర నిలబడి తెరని వదిలేసి జనం ముఖాలు చూశాను. హీరో కనపడగానే ఈలలు. మొదటి భాగంలోని పాట వాయిద్యంగా వినిపించగానే చప్పట్లు. ఇంటర్వెల్‌కి మొహాలు బాగానే ఉన్నాయి. ఆ తర్వాత హాలు చల్లబడింది. తిట్టలేదు, గోల చెయ్యలేదు. ఫోన్ వెలుగులు ఒకటొకటిగా కనపడ్డాయి. ముప్పై ఏళ్లలో నేను నేర్చుకున్నదేమిటంటే, జనం గోల చేస్తే సినిమాకి ఇంకా ఆశ ఉంటుంది, ఊరుకుంటేనే భయపడాలి.

బయటికొస్తూ ఒకావిడ, పెళ్లైన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చినావిడ, నన్ను హాలు మనిషి అనుకుని అడిగింది: “అప్పుడు కలిసిపోయారు కదయ్యా, మళ్లీ ఎందుకు విడగొట్టారు?”

సమాధానం చెప్పలేకపోయాను. కథ నడవాలంటే విడగొట్టాలి, అందుకే విడగొట్టారు. ఆవిడ పదేళ్లకు పైగా మనసులో పెట్టుకున్నది ఆ కలయికనే. దాన్ని ఆవిడ చేతిలోంచి లాక్కోవడానికి మనమే టికెట్ అమ్మాం.

తర్వాత చాలా సినిమాలని ఆవిడ ప్రశ్నతోనే చూశాను. 2024లో ‘భారతీయుడు 2’ చూస్తున్నప్పుడు కూడా. 1996 నాటి ‘భారతీయుడు’లో సేనాపతి లంచం ఇవ్వనని కూతుర్ని పోగొట్టుకుంటాడు, చివరికి లంచం తిన్న సొంత కొడుకుని తన చేత్తోనే చంపుతాడు. అంతకు మించి ఆ మనిషి ఏమివ్వగలడు? మళ్లీ వస్తానని ఆఖర్లో ఫోన్‌లో చెప్పాడు నిజమే, కానీ ఆ మాటకి ఒళ్లు జలదరించింది ఆయన రాకుండా ఉన్నంత కాలమే. 28 ఏళ్ల తర్వాత వచ్చిన సేనాపతికి మర్మకళ ఉంది, వేషాలున్నాయి, పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. ‘గబ్బర్ సింగ్’ 2012లో వచ్చింది, ‘సర్దార్ గబ్బర్ సింగ్’ 2016లో. మొదటిదాంట్లో పోలీస్ స్టేషన్‌లో రౌడీల చేత అంత్యాక్షరి పాడించిన సన్నివేశం తల్చుకుంటే ఇప్పటికీ పెదవుల మీద నవ్వొస్తుంది. రెండోదాంట్లో పేరు ఉంది, ఆ నవ్వు పుట్టిన చోటు లేదు.

అన్ని రెండో భాగాలూ అంతే అనడం అన్యాయం. ‘బాహుబలి’ రెండు భాగాలుగా తీయాలనే మొదలుపెట్టారు. 2015లో కట్టప్ప కత్తితో సినిమా ఆపి జనానికి బాకీ పడ్డారు, 2017లో తీర్చారు. ‘దృశ్యం’ ఇంకా గట్టి ఉదాహరణ. శవం పోలీస్ స్టేషన్ నేల కిందే ఉందన్న సంగతితో మొదటి సినిమా ముగుస్తుంది. ఆ కుటుంబం సుఖంగా నిద్రపోతుందా అన్న ప్రశ్న ప్రేక్షకుడికి నిజంగానే మిగిలిపోయింది. జీతూ జోసెఫ్ రెండో భాగంలో పాత విజయాన్ని చెరపలేదు. దాని కింద ఆ తండ్రి ఇన్నేళ్లుగా మోస్తున్న భయాన్ని చూపించాడు. నేను కొన్నదానికి అలాంటి బాకీ ఏదీ లేదు. బాబాయ్ ఒక్క మాటలో చెప్పిందే ఇది.

‘మాయాబజార్’ సంగతి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. 1957లో హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ అభిమన్యుడు పద్మవ్యూహంలో చచ్చిపోతాడని తెలుసు. ఘటోత్కచుడూ యుద్ధంలో పోతాడని తెలుసు. అంత తెలిసీ శశిరేఖ పెళ్లి చూసి సంతోషంగా ఇళ్లకి వెళ్లారు. కె.వి. రెడ్డి కథని పెళ్లి దగ్గర ఆపారు, ఆ పెళ్లిని ఎవరూ పాడు చెయ్యలేదు. 1965లో ‘వీరాభిమన్యు’ వచ్చింది, శోభన్ బాబు అభిమన్యుడిగా. అది తన కాళ్ల మీద తాను నిలబడిన వేరే సినిమా. పెళ్లి సంతోషాన్ని పెట్టుబడిగా అడగలేదు. భారతం తెలిసిన జనానికి కథ తర్వాత ఏమైందన్న ఆత్రం కన్నా ఎక్కడ ఆపారన్నది ముఖ్యం. బుర్రకథ పెట్టించినా, వీధినాటకం ఆడించినా తెలిసిన ఘట్టమే మళ్లీ కావాలంటారు. పాత సినిమా మీద జనానికున్నది ఆ ప్రేమే. నేను దాన్ని కొత్త కథ కోసం ఆకలి అనుకున్నాను.

వసూళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. శనివారానికి సగం. ఆదివారం ఫస్ట్ షో ఒక్కటే నిండింది. సోమవారం నుంచి హాలు అద్దె కూడా రాక డెఫిసిట్ పడింది. అంటే సినిమా ఆడినందుకు నేనే ఎదురు డబ్బు కట్టాలి. ఏడో రోజుకి మూడు సెంటర్లలో సినిమా మార్చేశారు. బాబాయ్ మాత్రం మార్చలేదు. రెండో వారం ఆడవాళ్లు వస్తారేమోనని ఎదురుచూశారు. నేను చెప్పిన మాట పట్టుకుని ఎదురుచూశారు. ఆ వారం కూడా ఆయనకి నష్టమే.

హామీ నాది కదా. మొదటి వారం ముగిసేలోపే బాబాయ్ ఫోన్ చేశారు. ఎత్తలేదు. మర్నాడు చేశారు, ఎత్తలేదు. డబ్బు సర్దుబాటయ్యాక నేనే వెళ్తానని మా ఆవిడతో అన్నాను. నాలుగు నెలలు అలాగే అంటూ గడిపాను. నష్టం వ్యాపారంలో వచ్చింది, దానికి నేనొక్కణ్నే బాధ్యుణ్ని కాను. ఆ నాలుగు నెలలకి మాత్రం పూర్తిగా నేనే. మొదట్లో పొద్దున్నే ఆయన పేరు ఫోన్‌లో వెలిగి ఆరిపోయేది, నేను చూస్తూ కూర్చునేవాణ్ని.

ఐదో నెలలో వెళ్లాను. బాబాయ్ తన గదిలో పేపర్ చదువుకుంటున్నారు. కుర్చీ చూపించారు, టీ తెప్పించారు. తల వంచుకుని నెలకి పది వేల చొప్పున తీర్చేస్తానన్నాను.

“నేను డబ్బు కోసం చెయ్యలేదురా. రెండో వారం కూడా ఉంచమంటావా, తీసేయమంటావా అని అడుగుదామని చేశాను. నువ్వు రెప్పువి కదా, నీకు తెలుస్తుంది అనుకున్నాను” అన్నారు.

నా ముప్పై ఏళ్ల పనిని ఆయన అంతగా నమ్మారు. ఆ పనిని నేనే చెయ్యలేదు.

కరోనా తర్వాత పాత సినిమాలు మళ్లీ విడుదల చెయ్యడం మొదలైంది. 2022 ఆఖరి రోజున ‘ఖుషి’ వచ్చినప్పుడు దానికన్నా చిన్న వయసు పిల్లలు హాల్లో పాటలన్నీ పాడటం విన్నాను. మా సినిమా మొదటి భాగం కూడా మళ్లీ వచ్చింది. అడ్వాన్సు లేకుండా, వచ్చినదాంట్లో వాటా మాట్లాడుకుని, బాబాయ్ హాలుకి ఒక ఆదివారం రెండు ఆటలు తెచ్చాను. నా వాటా ఆయన అప్పులో జమ చేసుకోమన్నాను. ఆయనకి ఎనభై దాటాయి, చేతికర్ర వచ్చింది. బెంచీలు పోయి అన్నీ కుర్చీలయ్యాయి.

మ్యాట్నీకి 212 టికెట్లు తెగాయి. హాలు సగం కూడా నిండలేదు. టికెట్లన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లోనే ఉన్నా, నేను కాగితం తీసుకుని చేత్తో డీసీఆర్ రాస్తున్నాను. ఇంటర్వెల్ అయిన ఇరవై నిమిషాలకి బాబాయ్ కర్ర చప్పుడు వినిపించింది. ఆయన తలుపు దగ్గరికి వెళ్లి తెర పక్కకి జరిపారు. నేనూ లేచి వెళ్లాను. కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు, తండ్రి తల ఎత్తాడు. మొత్తం ఏడు నిమిషాలు, ఇద్దరం కదల్లేదు.

గదిలోకి వచ్చాక బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని నా కాగితం తీసుకున్నారు. వరస ప్రకారం అంకెలన్నీ వేలితో చూసుకుంటూ వచ్చి కింద సంతకం పెట్టారు. అప్పులో ఇంకా లక్షా 40 వేలు ఉంది.