ముందు వరసలో ముగ్గురు

పరిషత్తు నాటకాలకు వెళ్లే అలవాటుంటే మీరూ గమనించే ఉంటారు. హాల్లో మొదటి వరసకు ముందు ఓ బల్ల వేస్తారు. దాని మీద తెల్లటి గుడ్డ, మూడు మంచినీళ్ల సీసాలు, మూడు అట్టలు, వాటికి క్లిప్పు పెట్టిన కాగితాలు. వెనక మూడు కుర్చీలు. వాళ్లే న్యాయనిర్ణేతలు! స్టేజీ మీద నటుడు గుండెలు బాదుకుని ఏడుస్తుంటే వాళ్లు తల వంచుకుని ఏదో రాసుకుంటూ ఉంటారు. రాసేది మార్కులు. కాస్త పరీక్షగా చూస్తే ఆ నటుడి ఏడుపు కూడా ఆ బల్ల వైపే తిరిగి ఉంటుంది.

వాళ్ల వెనక మేముంటాం. మేమంటే... తర్వాతి నాటిక వేయాల్సిన సమాజం వాళ్లు (సగం మేకప్పుతో), ఇందాకే వేసేసినవాళ్లు, వాళ్ల భార్యాపిల్లలు, నిర్వాహకుల చుట్టాలు, ఒకరిద్దరు విలేకరులు, ఫ్యాను గాలికి వచ్చి కూర్చున్న ఓ పెద్దాయన. మరి టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు? అసలు టికెట్టుంటే కదా! 'ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే' అని బ్యానర్‌ మీదే రాసి ఉంటుంది.

నాటకాలు చూసి రాయడం, సీరియళ్లు చూసి రాయడం... రెండూ నా ఉద్యోగంలో భాగమే. సాయంత్రం ఆరున్నరకు సీరియల్‌తో మొదలుపెట్టి రాత్రి పదింటికి నాటికతో ముగించిన రోజులు చాలానే ఉన్నాయి. అందుకే నాటకసభల్లో ప్రతి వక్తా తప్పకుండా అనే మాటొకటి విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. 'టీవీ వచ్చి నాటకాన్ని చంపేసింది!' అనగానే హాల్లో చప్పట్లు. చప్పట్లు కొట్టేవాళ్లలో సగంమంది మర్నాడు పొద్దున సీరియల్‌ షూటింగుకు వెళ్లాల్సినవాళ్లే.

తేదీలు చూడండి. హైదరాబాద్‌ దూరదర్శన్‌ మొదలైంది 1977లో. ఈటీవీ, జెమినీ వచ్చింది 1995లో. తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిందేమో 1929లో! అంటే టీవీ అనేది మన ఇళ్లల్లోకి రావడానికి ఎంతో ముందే నాటకం పోటీల బాట పట్టింది. అందులో తప్పేం లేదు. మంచి నాటకాలు వచ్చాయి, మంచి నటులు వచ్చారు. సినిమాల్లో మనం మురిసిపోయిన రాళ్లపల్లి, కోట శ్రీనివాసరావు లాంటివాళ్లు స్టేజీ మీద నలిగినవాళ్లే. కానీ పోటీకి ఓ గుణం ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ నాటకం ప్రేక్షకుడికి కాకుండా బహుమతికి తగ్గట్టు తయారవుతుంది. గంటలో ముగిసిపోవాలి. ఓ ముసలి తండ్రి ఉండాలి, విదేశాల్లో కొడుకుండాలి, ఆఖర్న తండ్రి శవం పక్కన సందేశం ఉండాలి. ఉత్తమ నటుడు, ఉత్తమ క్యారెక్టర్‌ నటుడు, ఉత్తమ ప్రతినాయకుడు... ఏ బహుమతికి ఏ పాత్రో నాటిక మొదలైన పది నిమిషాలకే చెప్పేయొచ్చు. వరసగా మూడు రోజులు చూస్తే తొమ్మిదిమంది తండ్రులు పోతారు!

ఉమ్మడి రాష్ట్రంలో 1998లో ప్రభుత్వమే నంది నాటకోత్సవాలు మొదలుపెట్టింది. మధ్యలో ఆగుతూ సాగుతూ 2023 డిసెంబర్లో గుంటూరులో జరిగాయి. పద్యనాటకం, సాంఘిక నాటకం, నాటిక, బాలల నాటికలు, కాలేజీ విద్యార్థుల నాటికలు... ఎంత పెద్ద పండగో! నంది వచ్చిన సమాజానికి ఆ ఏడాదంతా ఊళ్లో గౌరవం. కానీ ఆ నాటిక నంది తర్వాత ఎన్నిసార్లు ఆడింది? ఈ ప్రశ్న వేస్తే సమాజాల వాళ్లు నవ్వేసి ఊరుకుంటారు.

ఇక టీవీ సంగతి. అక్కడ బల్ల కనపడదు కానీ ముగ్గురికి బదులు కొన్ని వేల ఇళ్లున్నాయి. వాటిల్లో మీటర్లుంటాయి. ఎవరు ఏ నిమిషంలో ఏ ఛానల్‌ చూశారో అది లెక్కగడుతుంది. 2015 నుంచీ బార్క్‌ అనే సంస్థ ఈ రేటింగులిస్తోంది. గురువారం అంకెలొస్తాయి. ఆ అంకె చూశాకే కథలో అత్తగారు మారాలా, విలన్‌ జైలు నుంచి తిరిగి రావాలా అన్నది తేలుతుంది. ముగ్గురు పెద్దమనుషుల బదులు మీటరు. పరీక్ష రాసే పద్ధతి మాత్రం అదే.

'కార్తీకదీపం' చూశారు కదా! 2017 నుంచి 2023 దాకా పదిహేను వందల పైచిలుకు భాగాలు నడిచింది. మలయాళంలో వచ్చిన 'కరుతముత్తు'కి రీమేక్‌. నల్లగా ఉన్న అమ్మాయి, ఆమెని అనుమానించి వదిలేసిన డాక్టర్‌ భర్త, వంటచేసి కూతుర్ని పెంచుకున్న 'వంటలక్క'. మొదటి ఏడాది ఆ సీరియల్లో నిజమైన సంగతి ఉంది. మన ఇళ్లల్లో ఆడపిల్ల రంగు గురించి అనే మాటలే అందులో వినిపించాయి. ఆ మాటలు విని తల వంచుకున్న అమ్మలు నాకు తెలుసు. ప్రేమీ విశ్వనాథ్‌ కళ్లతో చేసిన పనిని ఏ నాటకాల న్యాయనిర్ణేత అయినా మెచ్చుకుని తీరాలి. కానీ రేటింగు పెరిగింది. అంతే, కథ కదలడం మానేసింది. డాక్టరయ్యుండీ ఆ మహానుభావుడు ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోడేమిటని ఆంధ్రా, తెలంగాణా ఏకమై జోకులేసుకున్నాయి. ఆ పరీక్ష చేయిస్తే సీరియల్‌ అయిపోతుంది మరి! బంగారు గుడ్లు పెట్టే బాతుని కోయనందుకు ఛానల్‌ని అనలేం. కానీ ఆ రంగు సంగతి? అది ఏ భాగంలో జారిపోయిందో, చూసేవాళ్లు కూడా మర్చిపోయారు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

మా బాబాయి కథ చెబితే ఇదంతా ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఆఫీసులో గుమాస్తాగిరీ చేస్తూనే ఇరవై ఏళ్లకు పైగా పరిషత్తుల్లో నాటికలు వేశాడు. లీవులన్నీ నాటకాలకే. ఇంట్లో షోకేసు నిండా షీల్డులు. పిన్ని వాటిని దసరాకోసారి చింతపండుతో తోముతుంది. రిటైరయ్యాక ఓ సీరియల్లో చిన్నవేషం వచ్చింది. కథానాయిక పెద్దనాన్న. సంబరంగా ఫోన్‌ చేస్తే ఓరోజు షూటింగు చూడ్డానికి వెళ్లాను.

పెద్ద బంగళా, హాల్లో పదిమంది నటులు. పట్టుచీరలు, నగలు, ఇంట్లోనే అంత అలంకారం. నాయిక పక్క రాష్ట్రం అమ్మాయి. కెమెరా పక్కన కూర్చున్న సహాయ దర్శకుడు డైలాగు చదువుతుంటే ఆమె వెంటనే పలుకుతోంది. తర్వాత ఎలాగూ డబ్బింగు ఉంటుంది. ఆ అమ్మాయిని తక్కువ చేయలేను. తెలియని భాషలో రోజుకి అన్నేసి పేజీలు పలకడం మాటలా! సీను అయిపోయాక మొదలైంది అసలు పని... రియాక్షన్లు. ఒక్కొక్కరి మొహం మీదకీ కెమెరా వెళ్తుంది. బాబాయి వంతు వచ్చింది.

''ఆశ్చర్యపోండి సార్‌'' అన్నాడు కుర్రాడు.

''ఎవర్ని చూసి బాబూ?'' అన్నాడు బాబాయి.

''ముందు మీరు ఆశ్చర్యపోండి సార్‌, ఎవర్ని చూసో ఎడిటింగులో చూసుకుంటాం!''

బాబాయి ఆశ్చర్యపోయాడు. అటు తిరిగి ఓసారి, ఇటు తిరిగి ఓసారి. తర్వాత కోపం, ఆపైన అనుమానం. ఆ మూడూ దాచుకుని వారం పాటు వాడుకున్నారట.

నేను నవ్వితే ఆయన నవ్వలేదు. ''నవ్వకమ్మా! ఇరవై ఏళ్లు స్టేజీ మీద చచ్చి బతికాను. మా వీధిలో ఎవరికీ తెలీదు. ఇది మొదలైన నెలకి కూరగాయలబ్బాయి రెండు పచ్చిమిరపకాయలు ఎక్కువేసి, 'పెద్దనాన్నగారూ, ఆ పిల్లని మీరైనా కాపాడండి' అన్నాడు'' అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. షోకేసులో ఉన్న అన్ని షీల్డులూ కలిసి ఆ రెండు పచ్చిమిరపకాయలకి సాటి రాలేదంటే, లోపం టీవీది అనగలమా?

నాటకాన్ని జనం వదిలేశారన్నది కూడా నేను ఒప్పుకోను. సురభి వాళ్లని చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటకాల కుటుంబం అది. తరాలు మారినా నాటకమే తిండి పెట్టింది, నాటకమే వీధిన పడేసింది కూడా. వాళ్లు షీల్డుల కోసం ఆడలేదు. టికెట్టు తెగితేనే ఆ రాత్రి పొయ్యి వెలుగుతుంది. అందుకే గాల్లో బాణాలు ఢీకొన్నాయి, 'మాయాబజార్‌'లో కళ్లు తిరిగే మాయలు జరిగాయి. మిగతా సమాజాల్లో మగవాళ్లు ఆడవేషాలు కడుతున్న కాలంలోనే వీళ్లింటి ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. బి.వి.కారంత్‌ అంతటి దర్శకుడు వచ్చి వాళ్లతో పనిచేశాడు. 2013లో పద్మశ్రీ అందుకున్న సురభి బాబ్జీ 2022లో పోయేదాకా ఆ బండిని లాగుతూనే ఉన్నారు. చిన్నప్పుడు సురభి నాటకం చూసిన ఏ పెద్దవాళ్లనైనా అడగండి. కథ మర్చిపోయి ఉంటారేమో కానీ ఘటోత్కచుణ్ని మర్చిపోరు.

అలాగని టికెట్టు కొన్న జనం ఎప్పుడూ కరెక్టే అని కూడా అనను. కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి' రాసింది వేశ్యాలోలత్వం కొంపలెలా కూలుస్తుందో చెప్పడానికి. జనం సుబ్బిశెట్టిని చూసి నవ్వారు. నవ్వుతున్నారు కదాని నటులు సొంత మాటలు కలిపారు. కలిపి కలిపి, ఆ పాత్ర రచయిత గుర్తుపట్టలేని బూతుల మూటయింది. చివరికి ఓ సామాజికవర్గం నొచ్చుకుంది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. పొట్టకూటికి ఊరూరా ఆ నాటకం ఆడే కళాకారులు గగ్గోలు పెట్టారు. రాసినాయన మాటల్ని రాసినట్టు ఆడించి చూద్దామన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికైనా వచ్చుంటే ఎంత బాగుండేది!

టీవీలోనూ ఇదే జరుగుతుంది. 2013లో మొదలైన 'జబర్దస్త్‌'ని పెదవి విరిచి తీసిపారేసేవాళ్లున్నారు. నేను పారేయను. అట్టలూ చెక్కలతో కట్టిన సెట్టు ముందు పది నిమిషాల్లో జనాన్ని నవ్వించడం రంగస్థలం పనే. కానీ అందులో మగవాళ్లు చీర కట్టుకుని వచ్చినప్పుడల్లా నాకు స్థానం నరసింహారావు గుర్తొస్తారు. ఆయన సత్యభామగా, మధురవాణిగా నడిచొస్తే ఆడవాళ్లు ఆ నడక నేర్చుకునేవారని మా తాతయ్య చెప్పేవాడు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. అదే చీర, అదే వేషం. అక్కడ ఆ చీర కట్టడంలో ఓ తపస్సుంది. ఇక్కడ చీర కట్టడమే జోకు, దాని మీద ఇంకో జోకు. జనం నవ్వుతున్నారు కదా అంటారు. సుబ్బిశెట్టిని చూసీ నవ్వారు కదండీ!

బాగా చేసినవాళ్లూ ఉన్నారు. 'అమృతం' సంగతే తీసుకోండి. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది. గుణ్ణం గంగరాజు నిర్మించారు. ఏడుపుల్లేవు, ఉరుముల్లేవు, ఒకే మొహాన్ని మూడుసార్లు చూపించడాల్లేవు. నడవని హోటల్‌ని నడపాలనుకునే ఇద్దరు మిత్రులు, వాళ్ల కుటుంబాలు. ముందు రాత ఉంది, తర్వాతే నటన. అంజిగా చేసిన గుండు హనుమంతరావు నాటకాల నుంచి వచ్చినాయనే. ఒక్క మాటని ఎక్కడ ఆపాలో, ఎంతసేపు ఆపాలో స్టేజీ నేర్పిన మనిషి. 2018లో ఆయన పోయినా, ఆ భాగాలు యూట్యూబులో పెట్టుకుని అన్నం తినే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మా ఇల్లు వాటిలో ఒకటి. స్టేజీ నటుడికి మంచి రాత ఇచ్చి, చూసేవాడికి బుర్రుందని నమ్మితే టీవీలో ఏం చేయొచ్చో చూపించిన కార్యక్రమం అది. అంతటిది మళ్లీ మళ్లీ ఎందుకు రాలేదో ఛానళ్ల పెద్దలు చెప్పాలి. రోజుకో భాగం నింపాలనే తొందరలో రాసేవాడికి ఊపిరాడకపోవడమే కారణమని నా అనుమానం.

నాటకాలవాళ్లతో నాకు గొడవొచ్చేది ఇక్కడే. నాటికని గంటకి కుదించారు, బాగుంది. నటులున్నారు, రాసేవాళ్లున్నారు, పరిషత్తులున్నాయి. ఒక్క యాభై రూపాయల టికెట్టు పెట్టండి అంటే మాత్రం 'ఎవరొస్తారమ్మా' అంటారు. మల్టీప్లెక్సులో పాప్‌కార్నుకి దానికి నాలుగింతలు పోస్తున్న కుటుంబాలు యాభైకి వెనకాడతాయా? వెనకాడితే ఎందుకు వెనకాడాయో తెలుస్తుంది కదా. టికెట్టు కొన్నవాడు బాగాలేకపోతే లేచిపోతాడు. ఆ కుర్చీ చప్పుడు నటుడికి వినపడాలి. ఉచితంగా వచ్చినవాడు మొహమాటానికి చివరిదాకా కూర్చుని 'చాలా బాగా చేశారండీ' అని వెళ్లిపోతాడు. ఇరవై ఏళ్లుగా మన నటులు వింటున్నది ఆ మొహమాటాన్నే.

మొన్న బాబాయి మళ్లీ ఫోన్‌ చేశాడు. పాత సమాజం వాళ్లు కొత్త నాటిక వేస్తున్నారట. తండ్రి వేషం కాదట, చావడట! రిహార్సల్సు, ప్రదర్శన కలిపి నాలుగు రోజులు కావాలి. అవే రోజుల్లో సీరియల్‌ షూటింగుంది. దర్శకుడి దగ్గరికెళ్లి, ''నా పాత్రని నాలుగు రోజులు కోమాలో పెట్టండి బాబూ'' అని అడిగాడట.

''నాలుగు రోజులకి కోమా ఎందుకు సార్‌, కాశీకి పంపించేద్దాం. మళ్లీ కావాలంటే ఫోన్లో మాట్లాడిద్దాం'' అన్నాడట ఆ అబ్బాయి.

నాటిక వచ్చే ఆదివారం సాయంత్రం. పరిషత్తు కాదు, బల్లా లేదు. అందరూ కలిసి ధైర్యం చేసి టికెట్టు పెట్టారు. యాభై రూపాయలు. నేను రెండు కొన్నాను. రెండోది కూరగాయలబ్బాయికి.