శంషాబాద్ నుంచి జిద్దా దాకా

హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం నుంచి జిద్దాకు ఆకాశమార్గాన దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానానికి అయిదున్నర, ఆరు గంటలు పడుతుంది. మేము ఉమ్రాకు బయలుదేరిన నాడు బృందంలో చాలామంది మూడుంబావు గంటల ప్రయాణమనే అనుకున్నారు. సాయంత్రం 4 గంటలకు బయలుదేరి 7.15కు దిగుతామని టికెట్టులో ఉంది మరి! దిగే వేళను జిద్దా కాలమానం ప్రకారం రాస్తారు. అది మనకన్నా రెండున్నర గంటలు వెనుక. కనుక అసలు ప్రయాణం 5 గంటల 45 నిమిషాలు.

ఈ తేడా మొదట నమాజు దగ్గరే ఎదురయింది. చేతి గడియారంలో ఆరు కాగానే మా వరుసలోని పెద్దాయన మగ్రిబ్‌కు సిద్ధమయ్యారు. కిటికీ బయట ఎండ ఇంకా తెల్లగా కాస్తున్నది. విమానం పొద్దు వెంట పడమటికే పోతుంది గనుక, నేలమీద రెండు గంటల్లో వాలే సూర్యుడు అక్కడ దాదాపు నాలుగు గంటలు నిలుస్తాడు. “గడియారం కాదు చాచా, పొద్దును చూడండి” అని బృందంలోని ఆలిమ్ గారు చెప్పగా ఆయన నవ్వి తిరిగి కూర్చున్నారు.

ఇంతకన్నా జాగ్రత్తగా చూసుకోవలసింది మీఖాత్. హజ్, ఉమ్రా సంకల్పంతో వెళ్ళేవారు ఇహ్రామ్ లేకుండా దాటరాని హద్దు అది. తూర్పు నుంచి వచ్చే మన విమానాలు సాధారణంగా తాయిఫ్ సమీపంలోని ఖర్నుల్ మనాజిల్ హద్దును ఆకాశంలోనే దాటుతాయి. జిద్దా ఆ హద్దుకు లోపల ఉంది. దిగిన తరువాత చూసుకుందామంటే కుదరదు. నిమిషానికి 14 కిలోమీటర్ల వేగంతో పోయే విమానంలో కునుకు పట్టినా హద్దు వెనుకబడిపోతుంది.

మాతో వచ్చిన ఒక యువకుడు ఇహ్రామ్ వస్త్రాలను పెద్ద పెట్టెలో సర్ది కౌంటరులో అప్పగించేశాడు. ఆ సంగతి సముద్రం మీద ఉండగా గుర్తుకు వచ్చింది. అతని ముఖంలో రక్తం లేదు. వెనుక వరుసలోని ఒకరు అదనంగా తెచ్చుకున్న జతను ఇచ్చారు. మరుగుదొడ్డి ముందు అప్పటికే బారు తీరి ఉన్నారు. అందరూ తప్పుకొని అతనికి దారి ఇచ్చారు. అతడు దుస్తులు మార్చుకొని బయటకు వచ్చిన కొద్దిసేపటికే మీఖాత్ సమీపిస్తున్నదన్న ప్రకటన వినిపించింది. సీట్ల నడుమ తల్బియా మొదలయింది.

1995 వరకు ముంబయి నుంచి ఓడల్లో హజ్‌కు వెళ్ళినవారికి యలమ్‌లమ్ మీఖాత్‌గా ఉండేది. వారికి సిద్ధపడటానికి రోజులకు రోజులు దొరికేవి. మనకు దొరికేవి నిమిషాలు. అందుకే పురుషులు ఆ రెండు వస్త్రాలను ఇంటివద్దనో శంషాబాద్‌లోనో కట్టుకొని విమానమెక్కడం మేలని మా అభిప్రాయం. సంకల్పం, తల్బియా మీఖాత్ దగ్గరపడ్డాక చేసుకోవచ్చు.

ఇక నేలమీది సమయాన్ని ఎవరూ లెక్కలో వేయరు. మాలో కర్నూలు నుంచి వచ్చిన కుటుంబానికి శంషాబాద్ చేరడానికే నాలుగు గంటలు, అక్కడ నిరీక్షణ మరో నాలుగు గంటలు పట్టింది. జిద్దాలో తనిఖీలు, సామాను, బస్సు అన్నీ ముగిసి మక్కా చేరేసరికి వారు ఇల్లు వదిలి పంతొమ్మిది గంటలయింది. పిల్లలు బస్సులోనే నిద్రపోయారు.