లేకుండా...

ఇంట్లో ఉర్దూ. వీధిలో తెలుగు. సంతలో కన్నడం. కుందుర్పి ముసల్మాను నాలుకకి మూడు పాయలు. కొండమీద పాత కోట, కింద వేరుశనగ చేలు, అటు తిరిగితే కర్ణాటక. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర్లో వాన పడే జిల్లా మాది. అదీ అన్ని ఏళ్ళూ కాదు. ఇక్కడ కూచుని మంచుకొండల దేశం వాళ్ళు తినే ఫాండ్యూ గురించి రాస్తానంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. ఆ వంటకంలో ద్రాక్ష సారాయి పోస్తారు. మేం పోయకుండా వండుకున్నాం. పేచీ అక్కడ మొదలైంది.

వండింది మా దూల్హేభాయ్, మా ఆపా భర్త. కరువు తరిమితే అనంతపురం, కడప జిల్లాల నుంచి వేలమంది గల్ఫుకి పోయినట్టే ఆయనా కువైట్ పోయాడు. ఒక హోటలు వంటింట్లో గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి గరిటె దాకా ఎదిగాడు. కువైట్‌లో మద్యం నిషేధం. అక్కడ ఆయన నేర్చుకున్న ఫాండ్యూలో సారాయి చుక్క కూడా లేదు. అందులో అది ఉండాలన్న సంగతే ఆయనకి చాలాకాలం తెలీదు. మొన్న రంజాన్‌కి సెలవు మీద వచ్చినప్పుడు, పండగ మర్నాడు వండుతానన్నాడు.

ఈ మాట మా పత్రికాఫీసులో ఒక మిత్రుడికి చెప్పాను. "వైన్ లేకుండా ఫాండ్యూ ఏంది భాయ్, ఉల్లిగడ్డ లేని పకోడీ మాదిరి!" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. "అయినా ఉడికితే సారా ఎగిరిపోతుంది గదా, మీకేం పాపం?" అన్నాడు. చెడ్డవాడు కాడు. ప్రేమతోనే అన్నాడు. మమ్మల్ని కాస్త మార్చాలని చూసేవాళ్ళు చాలామంది ప్రేమతోనే చూస్తారు.

ఎగిరిపోతుందన్నది సగం నిజమే. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం వంటలో కలిపి పావుగంట ఉడికిస్తే ఆల్కహాలు ఇంకా 40 శాతం దాకా మిగులుతుంది. రెండున్నర గంటలు ఉడికించినా 5 శాతం ఉంటుంది. ఫాండ్యూ ఉడికేది నిమిషాల లెక్కన. చివర్లో కిర్ష్ అనే చెర్రీపళ్ళ సారా కూడా పోస్తారు. ఎగిరేదెంత, మిగిలేదెంత? ఇంతకీ ఆల్కహాల్ అన్న మాట అరబ్బీదే. అల్-కుహ్ల్ అంటే మేం కళ్ళకి పెట్టుకునే సుర్మా. మాట మా కంట్లో ఉంది, సరుకు మా గిన్నెలో లేదు. అంతే.

నన్ను గుచ్చుకున్నది ఆ లెక్క కాదు, 'లేకుండా' అన్న మాట. మా గురించి ఏం చెప్పినా ఆ మాట వెంట వస్తుంది. సారా లేకుండా, బొట్టు లేకుండా, విగ్రహం లేకుండా. మీరు పూర్తి, మేం మీలోంచి ఏదో తీసేస్తే మిగిలింది. ఈ తూకం ఎవరిది? మా దక్కనీలో ఒక మాట ఉంది, నక్కో. వద్దు అని. లేకపోవడం వేరు, వద్దనుకోవడం వేరు. మొదటిది లోటు. రెండోది నిర్ణయం.

పోనీ, సారాయి లేకపోతే అది ఫాండ్యూయే కాదా? పాత పుస్తకాలు తిరగేస్తే తమాషా బయటపడింది. జున్నుని ద్రాక్ష సారాయిలో ఉడికించే పద్ధతి 1699లో జూరిచ్‌లో రాసిన వంటల పుస్తకంలో ఉంది, నిజమే. కానీ ఫ్రెంచి భోజనప్రియుడు బ్రియా-సవారె 1825లో అచ్చయిన పుస్తకంలో ఫాండ్యూ అని చెప్పిన వంటకంలో గుడ్లు, జున్ను, వెన్న, మిరియాలు ఉన్నాయి. సారాయి లేదు. ఫాండ్యూ అన్న ఫ్రెంచి మాటకి అర్థం కరిగినది అని మాత్రమే. మరి ఇది స్విస్ జాతీయ వంటకం ఎప్పుడైంది? 1914లో పుట్టిన స్విస్ చీజ్ యూనియన్, అమ్ముడుపోక మిగిలిన జున్ను అమ్ముకోవడానికి 1930ల్లో దేశమంతా ప్రచారం చేసింది. ఆ యూనియన్ 1999లో మూతపడింది. సంప్రదాయం మిగిలింది. వేల ఏళ్ళ సంప్రదాయమని మన మీదికి తోసేవి ఎన్ని ఇలాంటి బజారు సరుకులో ఎవరు తేల్చారు?

ఇప్పుడు వంట. నలుగురికి 400 గ్రాముల చీజు చాలు. సగం ప్రాసెస్డ్ చీజు, సగం చెడ్డార్ గానీ గౌడా గానీ. బెంగుళూరు నుంచి తెప్పించాం. తురిమి, ఒకటిన్నర చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి పెట్టుకోవాలి. మట్టి చట్టి లోపల వెల్లుల్లి రెబ్బతో రుద్దాలి. గ్లాసు నీళ్ళు గానీ కూరగాయలు ఉడికించిన నీళ్ళు గానీ పోసి వేడిచేయాలి. అందులో పులుపు కలపాలి. తర్వాత చీజు పిడికెడు పిడికెడు వేస్తూ, కరిగాక మళ్ళీ వేస్తూ, గరిటె గుండ్రంగా కాకుండా అడ్డదిడ్డంగా తిప్పాలి. తెర్లనివ్వకూడదు. మిరియాల పొడి, జాజికాయ చివర్లో. వాళ్ళు స్పిరిట్ దీపం మీద పెడతారు. ఆపా బొగ్గుల కుంపటి మీద నివురు కప్పి పెట్టింది.

కిటుకంతా పులుపులో ఉంది. చీజులో మాంసకృత్తుల్ని కాల్షియం బిగించి పట్టుకుంటుంది. ఉత్తగా వేడిచేస్తే అవి ముద్దకట్టి, నూనె విడిపోతుంది. ద్రాక్ష సారాయిలోని టార్టారిక్ ఆమ్లం ఆ కాల్షియాన్ని లాక్కుంటుంది. అప్పుడు చీజు నీళ్ళలో పరుచుకుని, కొవ్వుని తనలోనే నిలుపుకుంటుంది. పిండి దానికి తోడు. అంటే పని చేసేది పులుపు, మత్తు కాదు. కువైట్‌లో దూల్హేభాయ్ నిమ్మరసం పిండేవాడు. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఈ పనికి ఇంకా గట్టిది. ప్రాసెస్డ్ చీజుని 1911లో స్విస్ వాళ్ళే కనిపెట్టింది సోడియం సిట్రేట్ అనే దాని లవణంతోనే. కానీ మా ఆపా చింతపండు తీసింది. కొత్త చింతపండు, రంగు ముదరనిది. చిక్కగా పిసికి వడగట్టి రెండు చెంచాలు. మిగతా పులుపు నిమ్మకాయ.

చింతపండు పులుపులో ముఖ్యమైనది ఏదో తెలుసా? అదే టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షతోటల వాళ్ళు సీసాలో దాచుకున్నది హిందూపురం మార్కెట్లో బస్తాల్లో అమ్ముతారు. అరబ్బులు దాన్ని తమ్ర్ హిందీ అన్నారు, హిందుస్తానీ ఖర్జూరం అని. ఇంగ్లీషు టామరిండ్ అందులోంచే వచ్చింది. పేరు అరబ్బీ, పుట్టుక ఆఫ్రికా అంటారు శాస్త్రవేత్తలు, చెట్టు మా ఊరి చెరువు కట్ట మీద. చింతచెట్టుని ఎవరైనా నీ దేశమేదని అడిగారా?

ఖాలాకి ఇంకో అనుమానం. చీజు విరగడానికి వాడే రెన్నెట్ దూడ కడుపులోంచి తీస్తారట, అది జబీహానా కాదా అని. ప్యాకెట్టు తెచ్చి ఆకుపచ్చ చుక్క చూపించాం. ఇందులోది సూక్ష్మజీవుల నుంచి తీసింది. శాకాహారుల కోసం పెట్టిన చుక్క మా ఖాలా మనసు కుదుటపరిచింది. ఒకరి నిష్ఠ ఇంకొకరికి పనికొచ్చే చోట్లు ఈ దేశంలో ఇంకా ఉన్నాయి.

సారా వద్దనడం ఒక్క ముసల్మానుల పట్టుదల అనుకునేవాళ్ళకి ఒకటి గుర్తుచేయాలి. 1992లో నేను బడిపిల్లాణ్ణి. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె వెంట కూలి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా పోయింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఖజానా కోసం మళ్ళీ తలుపులు తెరిచారు. ఆ తల్లులు నక్కో అన్నది అరబ్బీ కితాబు చదివి కాదు. కూలి డబ్బు మొగుడి గొంతులోకి పోతుంటే చూసి. వాళ్ళంటే పోరాటం, మేమంటే ఛాందసం. ఎందుకని?

దూల్హేభాయ్‌తో కూడా వాదన అయింది. 2009లో మినార్లు కట్టకూడదని స్విట్జర్లాండులో ఓటింగు పెడితే 57.5 శాతం అవునన్నారు. దేశం మొత్తమ్మీద అప్పటికి ఉన్న మినార్లు నాలుగు. వాళ్ళ వంట మనకెందుకన్నాడు మా మేనల్లుడు. దూల్హేభాయ్ గరిటె ఆపకుండా, "ఓటేసింది మనుషులు రా బేటా, చీజు కాదు" అన్నాడు.

అసలు పరీక్ష దస్తర్‌ఖాన్ మీద. ఫాండ్యూ అంటే ఎంగిలి వంట. ఒకే గిన్నె చుట్టూ అందరూ కూచుని, ఎవరి ముక్క వాళ్ళు గుచ్చి, అందులోనే ముంచుకోవాలి. పండక్కి వచ్చిన నా చిన్ననాటి స్నేహితులు ముగ్గురు. కురుబ మిత్రుడు మొదట జొన్నరొట్టె ముక్క ముంచాడు. మాదిగ మిత్రుడు కాసేపు గిన్నెకేసి చూసి, "నేను ముంచిన దాంట్లో ఇంకొకరు ముంచుతారా?" అన్నాడు. ఊరి హోటల్లో వేరే గ్లాసు చూసి పెరిగినవాడు. మా అమ్మీ జవాబు చెప్పలేదు. వాడు ముంచగానే తనూ ముంచింది. మూడో మిత్రుడిది పెద్దకులం. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో చాయ్ తాగుతాడు. మెల్లగా అన్నాడు, "నాకు వేరే గిన్నెలో వెయ్యరా" అని. వేశాం. తిన్నాడు. బాగుందన్నాడు.

నేను వాణ్ణి తిట్టడానికి ఇది రాయట్లేదు. దూదేకుల ఇంటి సంబంధమంటే మొహం తిప్పుకునే షేకులు, సయ్యదులు మాలోనూ ఉన్నారు. వాళ్ళ దస్తర్‌ఖాన్ ఎంత పొడవున్నా అందులో అందరికీ చోటు లేదు. ఆ లెక్క మేమే తేల్చుకోవాలి.

చివర్లో చట్టి అడుగున పట్టిన మాడుపొర మిగిలింది. స్విస్ వాళ్ళు దాన్ని ప్రత్యేకంగా గీకి పంచుకుంటారట. మాకది ఖుర్చన్. అమ్మీ దాన్ని గీకి అందరి చేతుల్లో తలో ముక్క పెట్టింది. మూడో వాడి చేతిలోనూ పెట్టింది. వాడు ఒక్క క్షణం ఆగి, నోట్లో వేసుకున్నాడు.

మేం తిన్నది సారా లేకుండా. వాడు గిన్నెడు తిన్నది మేం లేకుండా. ఏది లోటో ఇప్పుడు మీరు చెప్పండి.