సీటు సీటుగానే ఉండనీ

డబుల్ క్యాబిన్ బండి కొన్న కుర్రాడికి ముందు సౌండు మీదికి మనసు పోతుంది. డోర్లలో స్పీకర్లు మారతాయి, డ్యాష్‌బోర్డులోకి కొత్త స్క్రీను వస్తుంది. అయినా ఆశ తీరదు. "బేస్ సాలుతలేదన్నా" అంటాడు. ఆ తర్వాత చూపు వెనక సీటు మీద పడుతుంది. అది పీకేస్తే ఎంత జాగా! ఇంత పెద్ద పెట్టె, రెండు పన్నెండంగుళాల వూఫర్లు! అక్కడ ఒక్క నిమిషం ఆగమని బతిమాలడానికే ఇది రాస్తున్నాను.

చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఈ బండ్లు రెండు రకాల మనుషుల దగ్గర కనిపిస్తాయి. ఫామ్‌హౌసుల వాళ్ల దగ్గర శ్రీసిటీలో తయారైన ఇసుజు వి-క్రాస్ ఉంటుంది. పూలు, కూరగాయలు పండించి అమ్ముకునేవాళ్ల దగ్గర మహీంద్రా బొలెరో క్యాంపర్ ఉంటుంది. మొదటిదాని వెనక సీటు వారమంతా ఖాళీగా ఉన్నా ఉండొచ్చు. క్యాంపర్ సంగతి వేరు. తెల్లవారకముందే చామంతి, బంతిపూల మూటలు వెనక వేసుకుని గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు బయల్దేరితే ఆ సీటు మీద ఇంటామె ఉంటుంది, పక్క చేను రైతు ఉంటాడు. పొద్దెక్కాక అదే సీటు మీద కలుపు తీయడానికి వచ్చే ఆడవాళ్లు, సాయంత్రం ట్యూషను నుంచి పిల్లలు. ఆ సీటు తీసేస్తే వీళ్లంతా ఎక్కడ కూర్చోవాలి? వెనక టమాటా డబ్బాల మధ్య. నాకు భయమేసేది అక్కడే.

బేస్ చాలదన్న మాట మాత్రం అబద్ధం కాదు. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు సుమారు 67 సార్లు మండుతుంది. పాటలో బేస్ దెబ్బల బరువు చాలావరకు ఉండేది కూడా ఆ చుట్టుపక్కల పౌనఃపున్యాల్లోనే. దానికి టైర్ల హోరు తోడవుతుంది. ఇంటి ముందు ఆపి వింటే బ్రహ్మాండంగా ఉన్న పాట రోడ్డెక్కగానే పలచబడేది ఇందుకే. డోరులోని ఆరంగుళాల స్పీకరు ఈ మోతతో పోటీపడలేదు. కాబట్టి పెట్టె కావాలనుకోవడం న్యాయమైన కోరికే. కాకపోతే పెట్టె పెద్దదైతేనే బేస్ వస్తుందన్న నమ్మకం తప్పు.

పెట్టెలో పనిచేసేది గాలి. మూసిన పెట్టెలో స్పీకరు కోను వెనక్కి వెళ్లినప్పుడు లోపలి గాలి నొక్కుకుని దాన్ని మళ్లీ ముందుకు తోస్తుంది. ఈ సూత్రంతో 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ చిన్న పెట్టెలోంచే లోతైన బేస్ రాబట్టి చూపించాడు. పదంగుళాల వూఫర్లు చాలావాటికి మూసిన పెట్టెలో పదిహేను నుంచి పాతిక లీటర్ల గాలి చాలు. ఎంత కావాలో స్పీకరుతో వచ్చే కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితాన్ని డబ్బాతో పాటు పారేయకండి.

ఇప్పుడు సీటు కిందికి టేపు పెట్టి చూద్దాం. ఒక పక్కన 50 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 18 ఎత్తు దొరికిందనుకోండి. లెక్క కడితే 36 లీటర్లు. కానీ 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుతో పెట్టె చేస్తే లోపల మిగిలేది 24 లీటర్లకు కాస్త ఎక్కువ. మూడో వంతు చెక్కే తినేసింది! స్పీకరు అయస్కాంతం, ఫ్రేము ఇంకో లీటరో, లీటరున్నరో ఆక్రమిస్తాయి. అయినా కావలసినంత గాలి మిగిలే ఉంది. జాగా మిగులుతుందని 12 మిల్లీమీటర్ల చెక్క వాడదామంటారు కొందరు. అప్పుడు కోనుతో పాటు చెక్క కూడా ఊగుతుంది, బేస్ బురదగా వస్తుంది. తప్పనిసరై వాడితే లోపల అడ్డంగా ఒక చెక్క బద్ద బిగించాలి. ఈ ఎత్తులో మామూలు వూఫరు పట్టదు. లోతు తక్కువ ఉండే రకం కావాలి. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగి, కొనేముందు స్కేలుతో కొలుచుకుని తెచ్చుకోండి.

మొయినాబాద్ దగ్గర ఒక కార్పెంటరు షాపులో ఇలాంటి పని జరుగుతుంటే చూశాను. బండి కుర్రాడు ఇంకా సీటు వదల్లేదు.

"అంకుల్, సీటు తీసేద్దాం. ఎనక ఎవరు కూసుంటరు?"

"మీ అమ్మ కూసుంటదిరా. మొన్న మార్కెట్ల నుంచి అస్తుంటే చూసిన" అన్నాడాయన, పెన్సిలు చెవి మీద నుంచి తీస్తూ.

ఆ మాటతో వాదన తీరిపోయింది. తర్వాత ఆయన చేసిన పని నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అతుకులన్నింటికీ ఫెవికాల్ పట్టించి, స్క్రూలు దగ్గరదగ్గరగా బిగించి, లోపలి మూలల్లో సిలికాను పూసి రాత్రంతా ఆరనిచ్చాడు. మర్నాడు వూఫరు బిగించాక అగరుబత్తి వెలిగించాడు. ఒక చేత్తో కోనును మెల్లగా లోపలికి నొక్కి వదులుతూ, రెండో చేత్తో అగరుబత్తిని అతుకుల వెంట నడిపించాడు. మూడు అంచులు దాటేదాకా పొగ నిటారుగా లేచింది. నాలుగో అంచు దగ్గర గుండుసూది మొనంత చోట పక్కకు చెదిరింది. అక్కడ మళ్లీ సిలికాను పడింది. గాలి కారే పెట్టె ఎంత ఖరీదైన స్పీకరునైనా పాడు చేస్తుంది. ఆ పరీక్షకు అయిన ఖర్చు ఒక అగరుబత్తి.

సీటు జోలికి అసలు పోవద్దని కాదు. పోవచ్చు, కానీ ఎంతవరకన్నది తెలిసి పోవాలి. కొందరు సీటు కాళ్ల కింద ఇనుప ముక్కలు వేసి రెండంగుళాలు పైకి లేపుతారు. బెల్టు మాత్రం ఉన్న చోటే ఉంటుంది. తుంటి ఎముకల మీద పడాల్సిన పట్టీ కోణం మారిపోతుంది, తల పైకప్పుకు దగ్గరవుతుంది, బోల్టులకు పట్టు తగ్గుతుంది. అందుకని కాళ్లు, బోల్టులు, బెల్టు కొక్కేలు కంపెనీ పెట్టినట్టే ఉండాలి. మార్చాల్సింది మెత్త ఒక్కటే. సీట్లు కుట్టే షాపులో రెగ్జిన్ విప్పించి, మెత్తటి ఫోము ఒక అంగుళం తీయించి, గట్టి ఫోము వేయించండి. కూర్చుంటే తేడా పెద్దగా తెలియదు, కింద పెట్టెకు కావలసిన ఎత్తు దొరుకుతుంది. అక్కడున్న జాకీ, పానాలకు ఇంకో చోటు చూసి కట్టేయాలి.

2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది కారు వెనక సీట్లోనే. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పాకే వెనక సీటు బెల్టు గురించి దేశమంతా మాట్లాడుకుంది. అంత ఖరీదైన కారులోనే అట్లా జరిగింది. సీటే లేని క్యాంపరులో కూర్చున్నవాళ్లను ఏది ఆపుతుంది? పెట్టెను కూడా నేలకు బోల్టులతో బిగించండి. బండి గుద్దుకుంటే 15 కిలోల పెట్టె తన బరువుకు ఎన్నో రెట్ల దెబ్బతో మనిషి మీదికి వస్తుంది. చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో రాసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఎన్ని సీట్లో ఆర్‌సీలోనే ఉంటుంది.

వైరింగు గురించి ఒక్క మాట. మూడొందల వాట్ల ఆంప్లిఫయరు గట్టిగా మోగేటప్పుడు పాతిక నుంచి ముప్పై ఆంపియర్లు లాగుతుంది. ఫ్యూజు ఆంప్లిఫయరు దగ్గర ఉంటే లాభం లేదు, బ్యాటరీ పక్కనే ఉండాలి. దారిలో ఎక్కడ వైరు ఒరుసుకుని ఇనుముకు తగిలినా అప్పుడే కరెంటు ఆగుతుంది. లేకపోతే వైరే కాలుతుంది. ఇంజను గది నుంచి క్యాబిన్‌లోకి వచ్చే రంధ్రానికి రబ్బరు బుష్ వేయించడం మరవొద్దు.

ఎంత సౌండు ఉండాలన్నదానిపై నా అభిప్రాయం చెబుతాను. వీధికి వినిపించే పాట వేరు, బండిలో కూర్చున్నవాళ్లకు వినిపించే పాట వేరు. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించేదాకా వచ్చిందంటే ఇళ్లలో ముసలివాళ్లు, పసిపిల్లలు ఎంత ఓర్చుకున్నారో ఊహించుకోవచ్చు. ఇక చెవి సంగతి: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 100 డెసిబెల్స్ అయితే 20 నిమిషాలే. మూసిన క్యాబిన్‌లో, సీటు కిందే వూఫరు ఉంటే ఆ 100 చేరడం ఏమంత కష్టం కాదు.

అన్నీ బిగించాక సెట్టింగు షాపు ముందు చేయించి వదిలేయకండి. ఆంప్లిఫయరులో బేస్‌ను మాత్రమే వూఫరుకు పంపే క్రాసోవరు 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వైపు మర్రిచెట్ల రోడ్డు మీదికి తీసుకెళ్లండి. బండి మామూలుగా నడిచే వేగంలో, కిటికీలు ఎప్పుడూ ఉండేటట్టే ఉంచి, గెయిన్ సున్నా నుంచి కొంచెం కొంచెం పెంచుకుంటూ పొండి. ఎక్కడ ఆపాలో డ్రైవరు చెప్పలేడు. వెనక సీట్లో ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి అడగండి. పాట నిండుగా వినిపిస్తూ, వాళ్లు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగితే అక్కడ వదిలేయండి. లేదంటే ఇంకో పావు చుట్టు తగ్గించండి.